కడపకాడి మూట

పోయిన వారం కమలవ్వను గోదాము తలుపు దగ్గర నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది. రేగడిపల్లి పత్తి రైతుల సంఘానికి ఆవిడ అధ్యక్షురాలు. మందులు కొట్టకుండా, నాటు విత్తనం వేసి పండించిన పత్తిని న్యాయమైన ధరకు దేశాలు దాటించే సంఘం అది. ఈ ఏడాది సముద్రం అవతల బట్టల కంపెనీలు ఒకదాని వెనక ఒకటి ఆర్డర్లు రద్దు చేసుకున్నాయి. పత్తి గోదాములోనే ఉండిపోయింది. దళారులు పొద్దూ మాపూ వాకిళ్ళలో తిరగడం మొదలుపెట్టారు. అలాంటి సమయంలో ఆదుకుంటామని వచ్చింది తోడు నిధి. సిరిసిల్లలో సాంచెలు నడిపి బట్ట నేసే కార్మికులు, వాళ్ళలాంటి మరికొన్ని సంఘాలవాళ్ళు, తమలో ఎవరు పడిపోతే వాళ్ళను లేపడానికి కూలిలోంచి తీసి కూడబెట్టుకున్న నిధి. ధర లేచేదాకా పత్తి అమ్ముకోనక్కర్లేకుండా రైతులకు బయానా ఇస్తామన్నారు. కాకపోతే పత్తిని పరీక్ష చేయిస్తామన్నారు. ఆ ఫలితం పట్టుకుని నిధి మనిషి రోజారాణి సిరిసిల్ల నుంచి వచ్చి బస్సు దిగింది. నవ్వుతూ దిగే పిల్ల, నవ్వకుండా దిగింది.

“కూసో అక్కా, చెప్త” అంది రోజారాణి.

మంచి కబురు తెచ్చినవాళ్ళెవరూ ముందు కూర్చోమనరు. కమలవ్వ కూర్చోలేదు. పత్తి మూటకు వీపు ఆనించి, “నిలబడే వింట, చెప్పు బిడ్డా” అంది.

“పత్తి అంత మంచిగనే ఉన్నది. ఒక్క మూటల మాత్రం బీటీ పత్తి తేలింది.”

“ఎవరి మూట?”

“బుచ్చవ్వది.”

కమలవ్వకు ముందు నవ్వొచ్చింది. నిజంగానే నవ్వింది. సూర్యుడు పడమట పొడిచాడంటే నమ్మవచ్చు గాని, బుచ్చవ్వ మందులు తాగే ఆ కంపెనీ బీటీ విత్తనం ముట్టిందంటే రేగడిపల్లిలో కుక్క కూడా నమ్మదు. బుచ్చవ్వ పెనిమిటి పత్తి చేనుకు పురుగుమందు కొడుతూ కొడుతూ ఆ సాళ్ళ మధ్యనే పడిపోయాడు. కరీంనగర్ ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. పాడె లేవకముందే ఆవిడ అందరి ఎదుటా ఆయన కాళ్ళ మీద చెయ్యి వేసి, ఇక ఆ చేన్లో మందుచుక్క పడనివ్వనని ఒట్టు పెట్టుకుంది. అప్పుడు ఊరంతా ఆవిడను పిచ్చిదంది. ఆ పిచ్చిదాని వెనకే ఒక్కొక్క ఇల్లూ నడిచి ఈ సంఘమైంది. వేపగింజల కషాయం కాయడం దగ్గర్నుంచి పదిమందిలో నోరు విప్పి మాట్లాడటం దాకా కమలవ్వకు నేర్పింది బుచ్చవ్వే.

“పరీక్షనే తప్పు చేసిన్రు. మళ్ళ చెయ్యిమను.”

“మళ్ళ కూడ చేపిచ్చినక్కా. నాకేమన్న సంబురమా?” రోజారాణి గొంతు తగ్గించింది. “ఇను. సభ్యుల్ల ఒకరు తప్పు చేస్తే వాళ్ళ పేరు తీసేసి, తక్కినోళ్ళకు బయానా ఇయ్యచ్చు. ఇయ్యాల్నే మీటింగు పెట్టుండ్రి. చేతులు లేపి తీర్మానం చేస్తే నేను సంతకం పెట్టి పంపుత. అదే సంఘం నడిపెటోళ్ళ ఇంటి తప్పయితే, ఈ ఏడు సంఘానికే ఏం రాదు. కంచెనే చేను మేస్తే ఇంక కావలెవరని మావోళ్ళు పెట్టుకున్న రూలది.”

“పేరు తీస్తే బుచ్చవ్వ గతేంది?”

“బయట అమ్ముకోవాలె. మళ్ళ సంఘంలకు రావాల్నంటే మూడేండ్లు ఆగాలె.”

మూడేళ్ళు ఆగడానికి బుచ్చవ్వ దగ్గర ఏముంది? అప్పుడే దళారి ఒకడు ఆవిడ చేను కౌలుకు అడుగుతున్నాడు. వాడు కౌలు చేస్తే మొదటి వారంలోనే ఆ సాళ్ళలో మందు డబ్బాలు దిగుతాయి. పెనిమిటి కాళ్ళ మీద పెట్టిన ఒట్టు ఆవిడ కళ్ళ ముందే గంగలో కలుస్తుంది.

“జర నువ్వే ఏదన్న దారి చూడు రోజా” అంది కమలవ్వ. అంతకు ముందెప్పుడూ ఎవరినీ అలా అడగలేదు.

“మా బాపు సిద్దిరాములు నీకు ఎర్కనే గద. మా సాంచెలు సగం బందున్నయి. నిధిల ఏసిన కూలిపైసలు వాపసు తీసుకొమ్మంటే, పత్తోళ్ళు మనకన్న పరేషాన్ల ఉన్నరు, వాళ్ళకే ఇయ్యుండ్రి అన్నడు. గసుంటి మనిషికి నేను పోయి అబద్ధం చెప్పాల్నా?”

కమలవ్వ నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. ఆ మాట రోజారాణికి చెప్పలేదు గాని, నేను మీకు చెప్పక తప్పదు. ఈ ఏడు వానలకు వాగు పొంగి బుచ్చవ్వ చేను మొత్తం ఇసుక మేటల కింద పోయింది. ఒక్క కాయ పగలలేదు. మరి గోదాములో ఆవిడ పేరున మూటలు ఎక్కడివి?

రేగడిపల్లిలో ఒక రివాజు ఉంది. ఎవరి చేనైనా మునిగినా ఎండినా, పత్తి ఏరడం అయ్యాక తక్కిన ఇళ్ళవాళ్ళు తలా ఒక మూట తెచ్చి, తెల్లవారకముందే ఆ ఇంటి గుమ్మం ముందు, కడప దగ్గర దించి వెళ్ళిపోతారు. పెట్టినవాళ్ళు చెప్పుకోరు, తీసుకున్నవాళ్ళు అడగరు. మొగుడు ఏం పెట్టాడో పెళ్ళాం కూడా అడగదు. చెప్పుకుంటే పుణ్యం మాటలకే సరిపోతుందని పెద్దల మాట. ఎవరి పేరున ఉన్న పత్తి వాళ్ళ చేన్లోదే అయి ఉండాలన్న సంఘం నియమం అందరికీ తెలుసు. తెలిసీ ఎవరికీ అది తప్పనిపించలేదు. గుళ్ళో పంచే ప్రసాదానికి ఎవరైనా తూకం చీటీ రాస్తారా? అమాయకులండీ, అంతకన్నా ఏమనను!

ఎవరో పెట్టిన మూటలో బీటీ వచ్చిందని కమలవ్వకు అర్థమైంది. అది బయటపెడితే రివాజు బయటపడుతుంది, మూటలు పెట్టిన ప్రతి ఇల్లూ నియమం తప్పినట్టు తేలుతుంది. కుడితిలో పడ్డ ఎలుకలా ఆవిడ మనసు కొట్టుకుంది. మధ్యాహ్నం దాటాక మీటింగు పెడదామని రోజారాణికి చెప్పి ఇంటికి నడిచింది.

ఆవిడ మొగుడు కైలాసం అప్పుడే చేను నుంచి వచ్చి జొన్నరొట్టె ముందు కూర్చున్నాడు. మాట తక్కువ మనిషి. పెళ్ళయిన కొత్తలో అతని నోట్లో నాలుక ఉందో లేదో అని కమలవ్వ చెల్లెళ్ళు పందెం వేసుకున్నారు. ఆవిడ చెంబు నీళ్ళు పక్కన పెట్టి జరిగిందంతా చెప్పింది. రొట్టె తుంచిన కైలాసం చెయ్యి తుంచినట్టే ఆగిపోయింది.

“బుచ్చవ్వ పేరు తీస్తరా?”

“తియ్యకుంటే అందరి నోట్ల మన్నే. ఎవరు పెట్టిన్రో ఏమో ఆ మూట! ముసల్దాని కొంప ముంచిన్రు. ఆ చేతులు పడిపోను, ఆ చేతులు ఇరిగిపోను...”

“తిట్టకే” అన్నాడు కైలాసం. “తిట్టకు కమలా. ఆ చేతులు ఇవే.”

రెండు చేతులూ పళ్ళెం మీద చాపి చూపించాడు. రొట్టె పిండి అంటుకున్న ఆ చేతులను కమలవ్వ చూస్తూ ఉండిపోయింది. ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అక్కడే కూలబడింది.

“నువ్వు కరీంనగర్ మీటింగుకు పోయేటప్పుడు చెప్పిపోయినవ్ గద, మన ఇంటికెల్లి కూడ మూట పోవాలె, ఎట్లనన్న చూడుమని. మన పత్తంత అప్పటికే గోదాముల పడ్డది. అందరి ఇండ్లల్లకెల్లి పోయినంక మన ఇంటికెల్లి పోకుంటే ఎట్ల? తమ్ముని వాకిట్ల కుప్ప ఉండె. ఒక మూట అడిగి తెచ్చిన.”

“నీ తమ్ముడు ఏసేది బీటీ అని ఎర్క లేదా?”

“ఎర్కనే. అమ్మెటిదైతే ఆలోచన చేద్దును. పెట్టెటిది గద. పెట్టినదానికి గూడ పరీక్ష ఉంటదని నాకేమెర్క?” కైలాసం తన చేతులను తనే చూసుకున్నాడు. “మంచిదే తెచ్చిన కమలా. ఎంత తెల్లగుండె! బుచ్చవ్వకు పోయెటిదని ఆకు ముక్క లేకుంట నేనే కూసోని ఏరి నింపిన.”

కోపం వస్తే బాగుండు అనుకుంది కమలవ్వ. కోపమైతే అరిచి, చెంబు విసిరి, కాసేపు ఏడ్చి ఊరుకోవచ్చు. తనే ఎట్లనన్న చూడుమని చెప్పి పోయింది. తను అధ్యక్షురాలు, ఏ పత్తి ఎవరిదో చూడవలసింది తనే. ఆకు ముక్క లేకుండా ఏరానని చెప్పే మొగుణ్ణి ఏమని తిడుతుంది?

“నేనొచ్చి మీటింగుల చెప్త. తప్పు నాదని” అన్నాడతను.

“చెప్తే ఏమైతదో ఎర్కనా? నీ తప్పంటే నా ఇంటి తప్పు. నా ఇంటి తప్పంటే సంఘం మొత్తానికి తలుపు మూస్తరు. యాదవ్వ ఇంట్ల దళారి అప్పుడే బయానా పెట్టి కూసున్నడు. సంఘం పైసలు రాకుంటే రేపే పత్తంత అగ్గువ ధరకు ఎత్తుకపోతడు. అందరి ఇండ్లు అంతే.”

“మరి బుచ్చవ్వ?”

కమలవ్వ కొంగుతో మొహం తుడుచుకుని చెప్పులు వేసుకుంది. కైలాసం ముందున్న రొట్టె అలాగే ఉండిపోయింది.

బుచ్చవ్వ వాకిట్లో కూర్చుని చాటలో కందులు చెరుగుతోంది. ఊళ్ళో మాట కాళ్ళకు చెప్పులు కూడా వేసుకోదు, అప్పటికే ఆవిడ చెవిన పడింది.

“నా మూటల తేలిందట గద” అంది, తల ఎత్తకుండానే.

“పెద్దవ్వా, ఆ మూట...”

బుచ్చవ్వ చాట కింద పెట్టి, లేచి వచ్చి, కమలవ్వ నోటి మీద అరచెయ్యి పెట్టింది. “చెప్పొద్దు. రివాజు మరిచినవా?” అంది. అప్పుడు చెయ్యి తీసింది. “ముసలోళ్ళకు నిద్రెక్కడిది బిడ్డా? ఆ పొద్దు తలుపు సందుల నుంచి చూస్తనే ఉన్న. కైలాసం మూట దించి, కడపకు దండం పెట్టి పోయిండు. గట్ల దండం పెట్టినోడు వాడొక్కడే.”

కమలవ్వ ఇక ఆపుకోలేకపోయింది. ఆ వాకిట్లో, కందుల చాట పక్కన కూర్చుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. బుచ్చవ్వ ఏడవలేదు. కమలవ్వ వీపు మీద చెయ్యి వేసి, “నా పేరే తియ్యుండ్రి. ఒక్కదాన్ని, ఎట్లనన్న ఎల్లదీస్త. ఇంతమంది ఆగం కావద్దు” అంది.

“మందు పత్తి కొన్నదంటరు పెద్దవ్వా నిన్ను. నిన్నే అంటరు!”

“అంటరు.” బుచ్చవ్వ కింద రాలిన కందిగింజ ఒకటి ఏరి చాటలో వేసింది. “గదొక్కటే లోపల గుచ్చుకుంటది. ఆయనను మింగిన మందును నేనే ఇంట్లకు తెచ్చుకున్న అంటరు. అననీ, ఏం చేద్దాం.” మళ్ళీ చాట ఒళ్ళోకి తీసుకుంది గాని చెరగలేదు. “ఒక్కటి అడుగుత బిడ్డా. అందరిని చేతులు లేపనీ. నువ్వు మాత్రం లేపకు. నీ చెయ్యి లేస్తే నేను చూడలేను.”

లేపనని కమలవ్వ ఆవిడ చేతిలో చెయ్యి వేసి చెప్పింది. అంత తేలిగ్గా మాట ఇవ్వకుండా ఉంటే బాగుండేది.

మీటింగు గోదాములోనే పెట్టారు. ఆడవాళ్ళంతా మూటల మధ్య నేల మీద కూర్చున్నారు, మగవాళ్ళు బయట అరుగు మీద. రోజారాణి లేచి పరీక్ష సంగతి చెప్పింది. గుసగుసలు లేచాయి. తాము పెట్టిన మూటల్లో ఏదో తేడా వచ్చిందేమోనని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ప్రతి ఒక్కరి కళ్ళలోనూ భయం కనిపిస్తూనే ఉంది.

ఆ భయాన్ని తీర్చింది బుచ్చవ్వే. గోడ పట్టుకుని లేచి నిలబడింది. “మీరెవ్వరు ఫికర్ చెయ్యకుండ్రి. అంగట్ల కొనుక్కొచ్చి కలిపిన. జర బరువస్తదని ఆశపడ్డ. తప్పు నాదే” అంది.

ఆ మాటతో అందరి మొహాల్లోనూ భయం పోయి మరొకటి వచ్చింది. మనుషులకు నింద తప్పిపోయిందన్న హాయి ఎంత తొందరగా కోపంగా మారుతుందో చెప్పలేను. నిన్నటిదాకా బుచ్చవ్వ గుమ్మంలో చెప్పులు విడిచి వెళ్ళినవాళ్ళు ఆవిడ పక్కనుంచి కొంచెం జరిగి కూర్చున్నారు.

“ఇంక ఆలస్యమెందుకు? లేపుండ్రి చేతులు” అంది యాదవ్వ. దళారి బయానా గొంతు మీద కూర్చున్న మనిషి, ఆవిణ్ణీ అనలేం.

ఒక్కొక్క చెయ్యే లేచింది. కొన్ని గబుక్కున, కొన్ని మోచేతి దాకా లేచి ఆగి, మళ్ళీ పైకి. కమలవ్వ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. ఒక చేత్తో రెండోదాన్ని గట్టిగా పట్టుకుంది.

రోజారాణి చుట్టూ చూసి నెమ్మదిగా అంది. “అక్కా, అధ్యక్షురాలివి. నీ చెయ్యి లేవకుంటే ఈ తీర్మానం చెల్లదు.”

ఆ సంగతి కమలవ్వకు తెలియదా? తెలుసు. ఏదో దారి దొరుకుతుందని ఆశపడింది, అంతే. అందరి కళ్ళూ తన మీదే. తలుపు అవతల కైలాసం వంచిన తల ఎత్తలేదు. బుచ్చవ్వ వంక చూసింది. బుచ్చవ్వ అప్పటికే మొహం గోడవైపు తిప్పుకుంది. చూడలేనన్నది కదా, చూడకుండా ఉండే దారి తనే వెతుక్కుంది. కమలవ్వకు తను నిలబెట్టుకోలేని మాట ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. కళ్ళు మూసుకుని చెయ్యి లేపింది.

“అయిపాయె గద” అంది బుచ్చవ్వ, గోడకే చెప్పినట్టు. కొంగు నిండుగా కప్పుకుని, ఎవరినీ తాకకుండా కూర్చున్నవాళ్ళ మధ్యనుంచి తలుపువైపు నడిచింది. రోజారాణి సంతకం పెట్టడానికి కలం తీసింది.

అక్కడితో ఊరుకుంటే మన కథ ఇంకోలా ఉండేది. కానీ యాదవ్వ ఊరుకోలేదు. ఇంత జరిగాక ఏదో ఒకటి అనకపోతే తన చేతికి తనే జవాబు చెప్పుకోవాలేమో. బుచ్చవ్వ వీపు వంక చూసి గొంతెత్తింది.

“నీ చేను మునిగిందని కడుపులు మాడ్చుకోని నీ కడపకాడ మూటలు దించితిమి గదనే! మా మూటలు సాలకపాయెనా నీకు? మా పత్తిల మందు పత్తి కలిపి మా నోట్ల మన్ను కొడ్తవా?”

రోజారాణి కలం కాగితం మీద ఆగిపోయింది.

“కడపకాడ మూటలేంది?” అని అడిగింది.

యాదవ్వ నాలుక కరుచుకుంది. బయట అరుగు మీద ఎవరో దగ్గి, దగ్గు కూడా ఆపుకున్నారు.

“చేను మునిగిందా? బుచ్చవ్వ చేను?” రోజారాణి గోడ పక్కన పేర్చిన మూటలను చూసింది. మళ్ళీ అందరినీ చూసింది. తెలివైన పిల్ల, ఆ పిల్లకు విడమర్చి చెప్పనక్కర్లేదు. మొహం పాలిపోయింది. “అంటే ఆమె పేరు మీద ఉన్నయన్ని మీరు పెట్టినయా? ఇంతమంది కలిసి నాకు చెప్పలేదా? నువ్వు గూడనా అక్కా? పొద్దుగాల్ల అన్ని ఇనుకుంట నిలబడ్డవ్, ఒక్క మాట చెప్పలే.” కలం మూత పెట్టేసింది. “మొదలు నువ్వే చెప్పు. మీ ఇంటికెల్లి పోయిన మూటల ఏ చేను పత్తి ఉండె?”

అరుగు మీద కైలాసం లేచి నిలబడ్డాడు.

అప్పుడు తలుపు దగ్గర ఆగిపోయిన బుచ్చవ్వ వెనక్కి తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతులో మాత్రం తొణుకు లేదు.

“ఆమెను అడగకు బిడ్డా” అంది రోజారాణితో. “నా కడప మీద ఒట్టు. అందరి మూటలు వచ్చినయి గని, కమల ఇంటికెల్లి మాత్రం నాకు గుప్పెడు పత్తి గూడ రాలే.”

ఆడవాళ్ళంతా ఒక్కసారిగా కమలవ్వవైపు తిరిగారు. మునిగిన ఇంటికి మూట పెట్టని గుమ్మం రేగడిపల్లిలో ఇంతవరకూ లేదు. ఆ ఒక్క మాటను ఒప్పుకుంటే చాలు, తప్పు సంఘం నడిపేవాళ్ళ ఇంటిది కాకుండా పోతుంది, సంఘం నిలుస్తుంది.

“నిజమేనా అక్కా?” అంది రోజారాణి.

లేపిన చెయ్యి ఇంకా దించలేదన్న సంగతి కమలవ్వకు అప్పుడే తెలిసింది. చెయ్యి దించి, బుచ్చవ్వ మొహంలోకి చూస్తూ నోరు తెరిచింది.